జడ్4కి కొత్త టైర్లు: రోజూ కోరాపుట్ ఘాటీ ఎక్కే బండికి మళ్ళీ రన్‌ఫ్లాటా, మామూలువా?

జయపురం_జడ్4 | జూన్ 14

అందరికీ నమస్కారం. రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2010 మోడల్ బీఎండబ్ల్యూ జడ్4 ఎస్‌డ్రైవ్35ఐ (రూఫు మడిచే రెండు సీట్ల కారు) కొన్నాను. ఆదివారం తుడిచి మళ్ళీ షెడ్డులో పెట్టే బండి కాదు, రోజూ డ్యూటీకి అదే. ఇల్లు ఒడిశాలోని జయపురం, పని సునాబేడ, రానూపోనూ దాదాపు 80 కిలోమీటర్లు, అందులో జయపురం నుంచి కోరాపుట్ ఎక్కే ఘాటీ రోజుకు రెండుసార్లు. నెలకోసారి సాలూరు మీదుగా విశాఖ వెళ్ళొస్తాను.

మొన్న మొదటి వాన రోజు ఘాటీ దిగుతుంటే ముందున్న లారీ మలుపులో ఆగిపోయింది. బ్రేకు తొక్కాను, ఏబీఎస్ కాలి కింద టకటక కొట్టుకుంది, బండి మాత్రం ఆగకుండా ఇంకో కారు పొడవు ముందుకు జారి లారీకి రెండు మూరల దూరంలో నిలబడింది. పక్క సీట్లో మా అమ్మాయి ఉంది. స్పీడు 40 దాటలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడున్నవి రన్‌ఫ్లాట్లు, అంటే గాలి పోయినా గట్టి పక్కగోడ మీదే కొంత దూరం నడిచే టైర్లు. ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18 (వరసగా వెడల్పు మి.మీ.లో, పక్కగోడ ఎత్తు అంటే ప్రొఫైల్ వెడల్పులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో). గాడి ఇంకా 4 మి.మీ. పైనే ఉంది, పాత ఓనరు కూడా ఇంకో ఏడాది వస్తాయనే చెప్పాడు. ఈ బండికి స్టెప్నీ లేదు, పెట్టడానికి చోటూ లేదు (రూఫు మడిస్తే డిక్కీలో మిగిలేది 180 లీటర్లే). నాలుగూ మార్చేద్దామని ఉంది. మళ్ళీ రన్‌ఫ్లాటే వేయాలా, మామూలు టైర్లు వేయచ్చా? ఏ కంపెనీ మంచిదని మాత్రమే కాదు, వానలో ఘాటీ మీద ఏది పట్టు ఇస్తుందో అనుభవంతో చెప్పండి.

రాయగడ_చక్రం | జూన్ 14

బాబూ, ముందు దేవుడికి దండం పెట్టుకో. నేను రాయగడలో టైరు పనిలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. నువ్వు గాడి లోతు చెప్పావు, వయసు చెప్పలేదు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వరసగా ఉన్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆ నాలుగు అంకెలు ఒక్కోసారి లోపలి వైపే ఉంటాయి, జాకీ వేసి టార్చి పట్టుకుని చూడాలి.

ఇంకొకటి, గాడి ఎక్కడ కొలిచావు? చాలామంది బయట నిలబడి కనిపించే చోటే కొలుస్తారు. వెనక చక్రాల లోపలి అంచు చేత్తో తడిమి చూడు, నెమ్మదిగా, తీగ బయటకొచ్చి ఉంటే వేలు కోసుకుపోతుంది. అవి చూసి రాయి, అప్పుడు మాట్లాడదాం. అప్పటిదాకా ఆ బండి ఘాటీ ఎక్కించకు.

పర్లాకిమిడి_పాతబండి | జూన్ 15

మన రోడ్లకి 40, 35 ప్రొఫైల్ అంటేనే నాకు భయం. ముందు 225/45, వెనక 255/40 వేసేయండి, గుంతల్లో రిమ్ము బతుకుతుంది. నా సెడాన్‌కి అలాగే ఒక సైజు పెంచి వేశాను, నాలుగేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు.

సునాబేడ_మెకానికల్ | జూన్ 15

పాతబండి గారూ, సెడాన్‌లో చక్రం మీద ఖాళీ ఉంటుంది కాబట్టి నడిచిపోయింది, జడ్4లో ఆ ఖాళీ లేదు. లెక్క చూడండి. 225/40 ఆర్18 టైరు మొత్తం ఎత్తు 637 మి.మీ., వెనక 255/35 ఆర్18 ఎత్తు 636. వెడల్పులు వేరైనా ఎత్తులు దాదాపు సమానంగా ఉండాలనే కంపెనీ ఆ సైజులు పెట్టింది, ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ నాలుగు చక్రాల వేగాన్ని పోల్చుకుంటూనే పనిచేస్తాయి. మీరు చెప్పినట్టు వేస్తే ముందు 660, వెనక 661 అవుతాయి. అంటే మీటరు 100 చూపించినప్పుడు బండి 103, 104 మీద ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో, గుంతలో సస్పెన్షన్ దిగినప్పుడో టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటుంది. రాసుకునేది ఘాటీ మలుపులోనే, లోడు మొత్తం ఒక పక్కకి ఒరిగినప్పుడే.

సైడ్‌వాల్ ఎత్తు కావాలంటే రిమ్ము తగ్గించడమే సరైన దారి. 17 అంగుళాల రిమ్ములు దొరికితే 225/45 ఆర్17 ఎత్తు 634 వస్తుంది, అంటే అసలు సైజుకు చాలా దగ్గర. రబ్బరు ఎక్కువ, రిమ్ము దెబ్బ తక్కువ. కానీ 35ఐకి బ్రేకులు పెద్దవి, కొనేముందు రిమ్ము ఒకసారి ఎక్కించి చేత్తో తిప్పి బ్రేకు కేలిపర్‌కి తగలట్లేదని చూసుకున్నాకే డబ్బులివ్వాలి.

జయపురం_జడ్4 | జూన్ 15

చక్రం అన్నా, మీరు చెప్పినట్టే చూశాను, చేతులు వణికాయి. ముందు రెండూ 3617, అంటే 2017లో 36వ వారం. వెనక ఒకటి 3617, ఇంకోటి 1116. పైకి 4 మి.మీ. కనిపిస్తోంది కదా, వెనక లోపలి అంచు రెండు వేళ్ళ వెడల్పున పూర్తిగా నున్నగా ఉంది, ఎడమ చక్రానికి ఒకచోట తీగ కనబడుతోంది. రెండేళ్ళుగా దీని మీద పిల్లని ఎక్కించుకుని తిరిగాను. కొన్నప్పుడు ఇంజిన్ చూశాను, రూఫు పదిసార్లు తెరిచి మూసి చూశాను, టైరు లోపలి వైపు వంగి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఈ రోజు నుంచి డ్యూటీకి కంపెనీ బస్సు. 17 అంగుళాల రిమ్ముల కోసం ఆగేంత ఓపిక లేదు, వర్షాకాలం నెత్తి మీదుంది. ఉన్న 18 మీదే వేస్తాను.

రాయగడ_చక్రం | జూన్ 15

మంచి పని చేశావు. ఇప్పుడు అసలు విషయం విను. లోపలి అంచు అలా తినేసిందంటే కొత్త టైరు వేసినా ఏడాదిలో అదే గతి. ఆ బండికి వెనక చక్రాలు పైభాగం కాస్త లోపలికి వాలి ఉండటం డిజైన్‌లోనే ఉంది, అది తప్పు కాదు, మలుపులో పట్టు దానివల్లే. తినేసేది టో తేడా, అంటే చక్రం ముక్కు లోపలికో బయటికో తిరిగి ఉండటం. చక్రం సూటిగా దొర్లకుండా ప్రతి మీటరుకూ కొంచెం కొంచెం పక్కకి ఈడ్చుకుపోతుంది, రబ్బరు రంపపు పొడిలా రాలిపోతుంది. ముందు చక్రాలకే అలైన్‌మెంట్ చేసి పంపించే చోటికి వెళ్ళకు. నాలుగు చక్రాలకీ చేసే కంప్యూటర్ మిషన్ ఉండాలి, చేయకముందు, చేశాక అంకెల కాగితం ప్రింటు తీసి ఇమ్మను. దానికి ముందు వెనక చక్రాలని పట్టి ఉంచే ఆర్మ్‌ల రబ్బరు బుష్షులు చూపించు, బుష్షు చచ్చిపోతే మిషన్ మీద సరిచేసిన అంకె మొదటి గుంతకే పోతుంది.

రన్‌ఫ్లాట్ విప్పడానికి కూడా సహాయక చెయ్యి ఉన్న మిషన్ కావాలి. దాని పక్కగోడ మొండి. మామూలు మిషన్ మీద గడ్డపార పెట్టి గుంజితే అల్లాయ్ అంచు చెక్కుకుపోతుంది.

మల్కన్‌గిరి_డ్యూటీ | జూన్ 16

నేను అందరికీ ఎదురు చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి. నా మాట, రన్‌ఫ్లాట్ వదలకండి. నేను వారానికి మూడుసార్లు జయపురం, మల్కన్‌గిరి మధ్య తిరుగుతాను, నాదీ రన్‌ఫ్లాట్ బండే. పోయిన ఆగస్టులో రాత్రి తొమ్మిదిన్నరకి అడవి మధ్యలో వెనక టైరు గాలి మొత్తం పోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, వాన కురుస్తోంది, బండిలో నా భార్య, మా అత్తగారు. గాలి లేకుండానే 60 మీద నడుపుకుంటూ జయపురం చేరాను. గాలి పోయాక గంటకి 80 కిలోమీటర్లు మించకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చని కదా కంపెనీ చెప్పేది, ఆ రోజు ఆ మాట నిజమైంది. ఆ స్థితిలో జల్లులో నిలబడి పంక్చర్ కిట్ పట్టుకుని సూది గుచ్చమంటే నా వల్ల కాదు. రోడ్డు మీద గుంతలకి నడుం నొప్పి పుడుతుంది, నిజమే. అయినా నేను మళ్ళీ అవే వేయించుకున్నాను.

ఆ టైరు మాత్రం మళ్ళీ పనికిరాలేదు. గాలి లేకుండా నడిపాక లోపలి గోడ ఎంత నలిగిందో బయటికి కనబడదు, పంక్చర్ వేసి వాడవద్దన్నారు, పారేశాను.

ఎండాడ_రోడ్‌స్టర్ | జూన్ 16

జడ్4 గారూ, నాదీ మీ బండే, విశాఖలో. మూడేళ్ళ క్రితం రన్‌ఫ్లాట్ తీసి మామూలు టైర్లు వేశాను. మొదటి కిలోమీటరులోనే తేడా తెలుస్తుంది. ఇదివరకు రోడ్డు మీద అతుకు వస్తే వెన్నులో దబ్ మని తగిలేది, ఇప్పుడు బండి దాన్ని మింగేసి ముందుకు పోతోంది. వాన రోజు తేడా ఇంకా ఎక్కువ. గతుకుల మలుపులో మొండి టైరు ఎగిరి ఎగిరి రోడ్డుని వదిలేస్తుంది, మెత్తని పక్కగోడ ఉన్నది అంటుకునే ఉంటుంది. పట్టు అంటే రబ్బరు రోడ్డుకి తగిలి ఉన్నంతసేపే కదా.

రిమ్ము సంగతీ చెప్పాలి. రన్‌ఫ్లాట్లతో ఉన్నప్పుడు వెనక రిమ్ము లోపలి అంచు గుంతలో చిట్లింది, వెల్డింగ్ చేయించాను, ఆరు నెలలకు పక్కనే మళ్ళీ చిట్లింది. మార్చాక ఇప్పటిదాకా రిమ్ము జోలికి వెళ్ళలేదు.

నేను మోసుకెళ్ళేవి: ప్లగ్ కిట్, సిగరెట్ లైటర్‌కి పెట్టే కంప్రెసర్, మంచి గేజ్, హెడ్ లైటు, ఒక సీలెంట్ డబ్బా. సీలెంట్‌కి గడువు తేదీ ఉంటుంది, డబ్బా అడుగున చూడండి. మేకు దిగితే పావుగంటలో లేచి కదిలిపోతాను. కానీ మల్కన్‌గిరి గారి మాట కొట్టిపారేయలేను. పక్కగోడ చీలితే ఈ సామానంతా దండగే, బండి ఎత్తే లారీ కోసం కూర్చోవాల్సిందే. నాకు మూడేళ్ళలో మేకులు రెండు దిగాయి, గోడ చీలడం ఒక్కసారీ జరగలేదు.

ఇంకో సంగతి, బీచ్ దగ్గర చల్లటి టైరులో గాలి సరిగ్గా పెట్టుకుని మీ సెమిలిగుడ వచ్చి గేజ్ పెడితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎత్తుకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా. టైరు పాడైందని కంగారు పడకండి.

బల్లార్షా_వీఆర్‌ఎస్ | జూన్ 16

మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. మేలో 45 డిగ్రీలు దాటడం మాకు మామూలే, బొగ్గు లారీల రోడ్లు. ఒకటే చెప్తాను, "నువ్వు 200 మీద పోతావా ఏంటి, తక్కువ స్పీడ్ రేటింగ్ వేసుకో, సగం డబ్బు మిగుల్తుంది" అని ఎవరైనా అంటే వినకండి. టైరు మీద ఉండే ఆ రేటింగ్ అక్షరం స్పీడు కోసం మాత్రమే కాదు. వి అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300, నిజమే, కానీ ఆ వేగంలో పుట్టే వేడిని తట్టుకునేలా లోపలి కట్టుబడి ఉంటుంది. నిండు ఎండలో వేడెక్కిన తారు మీద గంటల తరబడి నడిచే బండికి ఆ తట్టుకునే శక్తే కావాలి. మీ బండి 250 దగ్గర లాక్ అవుతుంది, డబ్ల్యూ కంటే కిందికి దిగొద్దు. లోడ్ ఇండెక్స్ కూడా అంతే, పాతదాని మీద 88 ఉంటే, అంటే ఒక్కో టైరు 560 కిలోలు, 88 లేదా అంతకంటే పైదే.

ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) చూసి మోసపోకండి. ఒక కంపెనీ 300 వేస్తుంది, ఇంకో కంపెనీ 400 వేస్తుంది. ఎవరి టెస్టు ఫలితాలు వాళ్ళే ప్రకటించుకునే అంకె అది. ఒకే కంపెనీలో రెండు రకాలు పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

సునాబేడ_మెకానికల్ | జూన్ 17

వాన సంగతి ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు. టైరు మీద 1.6 మి.మీ. గుర్తు వచ్చేదాకా వాడొచ్చని చట్టం, కానీ తడి రోడ్డు మీద బ్రేకు దూరం 3 మి.మీ. కిందికి వచ్చినప్పటి నుంచే పాడవుతుంది. గాడి పని నీళ్ళని పక్కకి తోసేయడం. గాడి తగ్గేకొద్దీ నీళ్ళు వెళ్ళడానికి దారి ఉండదు, టైరు నీటి పొర మీద తేలుతుంది. ఇక వెడల్పు. వెనక 255 చూడ్డానికి బాగుంటుంది, పొడి రోడ్డు మీద బ్రహ్మాండం, కానీ వెడల్పు టైరు పక్కకి తోసేయాల్సిన నీళ్ళు ఎక్కువ, సన్న టైరు కంటే ముందే తేలుతుంది. గాలి తక్కువగా ఉన్నా అంతే. అందుకే మీ బండికి వెనక 3 మి.మీ. రాగానే మార్చేయండి, సన్న టైరు బండి వాళ్ళతో పోల్చుకోవద్దు.

డిసెంబరు, జనవరిలో మన పొట్టంగి, సెమిలిగుడ వైపు తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి పోతుంది. మీరు వేయబోయే రకం రబ్బరు దాదాపు 7 డిగ్రీల దగ్గర నుంచి గట్టిపడుతుంది. మొదటి అయిదారు కిలోమీటర్లు మెల్లగా నడపండి. అంతకంటే భయపడక్కర్లేదు, మనకి మంచు కురిసేది లేదు.

ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని రాసి ఉన్నవి వస్తే గాలి తగ్గించుకోవద్దు. 92 ఎక్స్ఎల్ మీద 630 కిలోలు అని ఉన్నా, ఆ బరువు మోసేది ఎక్కువ గాలి నింపినప్పుడే. డోరు పక్క స్టిక్కర్ మీద ఉన్న అంకెతో మొదలుపెట్టండి.

బరంపురం_గోపాల్‌పూర్ | జూన్ 17

కొనేటప్పుడు తేదీ చూసుకోమని మళ్ళీ చెప్తున్నాను. నేను ఒక షాపులో కొత్తవి అని నాలుగు వేయించుకున్నాను, నల్లగా మెరుస్తున్నాయి. ఇంటికొచ్చి చూస్తే నాలుగేళ్ళ నాటివి. సముద్రం పక్కన ఎండకి ఏడాదిన్నరలో పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు. వెళ్ళి అడిగితే బిల్లు మీద తేదీ రాయలేదు కదా అన్నారు. అప్పటి నుంచి బిల్లు మీద నాలుగు టైర్ల డాట్ అంకెలు రాయించుకుని గానీ కదలను.

ఆ సైజులు ఎక్కడపడితే అక్కడ స్టాకు ఉండవు. 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టాక అరుదైన సైజులు ఇంకా కష్టమయ్యాయి. ముందే ఆర్డర్ పెట్టండి. పాత కొటేషన్ చేతిలో ఉంటే మళ్ళీ అడగండి, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది.

జయపురం_జడ్4 | జూన్ 19

అందరి మాటలూ రెండుసార్లు చదివాను, ఇంట్లో కూడా చదివి వినిపించాను. నిర్ణయం ఇది: మామూలు టైర్లే. నా దారి జయపురం నుంచి సునాబేడ, రోడ్డు మీద ఎప్పుడూ జనం ఉంటారు, కోరాపుట్ మధ్యలోనే ఉంది. రోజుకు రెండుసార్లు తడి ఘాటీ నాకు తప్పదు, గాలి పోవడం ఎప్పుడో ఒకసారి. రోజూ ఉండే ప్రమాదానికే ముందు మందు వేస్తున్నాను. మల్కన్‌గిరి అన్నా, నేను మీ దారిలో తిరిగేవాడినైతే మీ మాటే వినేవాడిని.

రెండు సైజులూ ఒకే గాడితో దొరికేది వెతికితే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ తేలింది, ముందు 92వై, వెనక 94వై, రెండూ ఎక్స్ఎల్. ముందొక రకం, వెనకొక రకం వేస్తే వానలో ఏ కొస ముందు జారుతుందో చెప్పలేమని ఇక్కడ ఇద్దరు నాకు మెసేజ్ పెట్టారు, నాకూ అదే నిజమనిపించింది. విశాఖలో ఆర్డర్ పెట్టాను, డాట్ అంకెల ఫోటో పంపిస్తేనే అడ్వాన్సు అన్నాను, పంపించారు, ఈ సంవత్సరానివే.

పాత టైర్లతో విశాఖ దారిలో ఉన్న సుంకి ఘాటీ దిగను. బండిని లారీ మీద ఎక్కించే విశాఖ తీసుకెళ్తున్నాను. ఆ ఖర్చు చూసి మా బావగారు కోప్పడ్డారు, తీగ తేలిన ఫోటో చూపించాను, ఇంకేం మాట్లాడలేదు.

మల్కన్‌గిరి_డ్యూటీ | జూన్ 19

సరైన మాట చెప్పారు, ఎవరి దారి వారిది. ప్లగ్ కిట్ కొని బండిలో పడేయడం కాదు, ఇంటి దగ్గర పాత టైరు మీద ఒకసారి సూది గుచ్చి చేసి చూడండి. చీకట్లో మొదటిసారి నేర్చుకోలేరు.

జయపురం_జడ్4 | జూన్ 27

పని అయింది. వెనక బుష్షులు రెండు చచ్చిపోయి ఉన్నాయి, చక్రం అన్న చెప్పింది అక్షరాలా నిజం. అవి మార్చి, టైర్లు ఎక్కించి, కొత్త వాల్వులు వేసి, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. ముందు కాగితంలో ఎడమ వెనక టో ఎర్రగా ఉంది, తర్వాతి కాగితంలో అన్నీ పచ్చగా. బోల్టులు గన్‌తో బిగిస్తుంటే ఆపి, చేత్తో టార్క్ రెంచ్ పెట్టించి 120 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. గాలి సరిచేశాక బండిలో టైరు వార్నింగ్ రీసెట్ చేశాను. ఆ సిస్టమ్ గాలి కొలవదట, గాలి తగ్గిన చక్రం చిన్నదై వేగంగా తిరగడాన్ని బట్టి కనిపెడుతుందట, కాబట్టి మామూలు టైర్లకీ పనిచేస్తుంది.

మొదటి 300 కిలోమీటర్లు మెల్లగానే నడిపాను. కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోయేదాకా పట్టు రాదన్నారు. తిరుగు ప్రయాణంలో సుంకి దగ్గర కుండపోత, వైపర్లు ఆడుతున్నా ముందు ఏమీ కనిపించలేదు, ఆపి ఒక టీ కొట్టు దగ్గర గంట కూర్చున్నాను. తర్వాత బయలుదేరితే రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి, స్టీరింగ్‌లో మాత్రం ఎక్కడా ఖాళీగా అనిపించలేదు. ఈ రోజు పొద్దున్న జయపురం ఘాటీలో, ఖాళీగా ఉన్న చోట, వెనక ఎవరూ లేరని చూసుకుని 40 మీద గట్టిగా బ్రేకు తొక్కి చూశాను. తడి రోడ్డే. బండి నిలబడిపోయింది, ఏబీఎస్ ఒక్కసారి టక్ మంది. నేను అక్కడే కాసేపు ఆగిపోయాను.

అమ్మాయిని రేపటి నుంచి మళ్ళీ స్కూల్ దగ్గర దింపుతాను.

రాయగడ_చక్రం | జూన్ 27

వెయ్యి కిలోమీటర్లయ్యాక ఒకసారి వంగి లోపలి అంచు తడిమి చూసి నాకు రాయి. ఇటు వస్తే మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని షాపుకి రా, నాలుగు చోట్ల గాడి కొలిచి పుస్తకంలో రాసిస్తాను, ప్రతి మూడు నెలలకీ దాంతో పోల్చుకో. ఆ పాత నాలుగూ ఎవరికీ అమ్మకు. తక్కువకి వస్తాయని తీసుకుని ఇంకెవరో ఘాటీ ఎక్కిస్తారు. పక్కగోడ కోసి ఇచ్చేయ్.

జయపురం_జడ్4 | జూన్ 27

కోసేశాం అన్నా, విశాఖలోనే, నా ఎదురుగా.